మందుల కంపెనీలు వైద్యులకు ఏమిచ్చాయో చూపే ‘ఓపెన్ పేమెంట్స్’: ఒక మాజీ మెడికల్ రెప్ సమీక్ష

అమెరికాలో ఏ వైద్యుడు ఏ మందుల కంపెనీ నుంచి, ఏ వైద్య పరికరాల కంపెనీ నుంచి ఎంత సొమ్ము, ఎన్ని భోజనాలు, ఎన్ని ప్రయాణ ఖర్చులు పుచ్చుకున్నారో పేరు కొట్టి చూసుకునే వీలు కల్పించే ప్రభుత్వ సేవ పేరు ‘ఓపెన్ పేమెంట్స్’. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలను నడిపే సెంటర్స్ ఫర్ మెడికేర్ అండ్ మెడికెయిడ్ సర్వీసెస్, అంటే సీఎంఎస్, దీన్ని నిర్వహిస్తోంది. రుసుము లేదు, ఖాతా తెరవనక్కర లేదు, చూస్తున్నది ఎవరో చెప్పుకోనక్కర లేదు. అయినా అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోను, పిల్లల దగ్గరకు వచ్చి నెలల తరబడి ఉండే మా వంటి తల్లిదండ్రుల్లోను దీని సంగతి తెలిసినవారు నాకు బహు అరుదుగా తటస్థపడ్డారు. ఉద్యోగ జీవితమంతా గుంటూరు చుట్టుపక్కల మెడికల్ రిప్రజెంటేటివ్‌గా బ్యాగు పట్టుకుని డాక్టర్ల గది ముందు బెంచీల మీద కూర్చున్నవాణ్ని కనుక, ఈ జాబితా ఏమి చెబుతోందో, ఏమి చెప్పడం లేదో ఆ వ్యాపారం ఎరిగినవాడిగా చెప్పవచ్చుననిపించింది.

కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న ఒక చట్టం ప్రకారం, వైద్యుడు తన దగ్గరకు మొదటిసారి వచ్చిన రోగికి ఈ సేవ గురించి రాతపూర్వకంగా తెలియజేసి, తేదీతో సహా సంతకం తీసుకోవాలి; క్లినిక్‌లో అందరికీ కనిపించే చోట నోటీసు కూడా అంటించాలి. మా ఆవిడకు రక్తపోటు చూపించడానికి మా అమ్మాయి ఇంటికి దగ్గరలోని క్లినిక్‌కు వెళ్లినప్పుడు, చెల్లింపు కాగితాలు, గోప్యతా పత్రాలతో కలిపి ఇచ్చిన కట్టలో ఆ నోటీసు కూడా ఉంది. రిసెప్షన్‌లో ఉన్నామె సంతకం పెట్టవలసిన గీతలన్నీ వరసగా వేలితో చూపించిందే గాని, అందులో ఒక కాగితం డాక్టరుగారు కంపెనీల నుంచి తీసుకున్నవాటి గురించినదని చెప్పలేదు. మా ఆవిడ సంతకం పెట్టేసింది, మా అమ్మాయి కట్టను తిరిగి ఇచ్చేసింది, నోటీసు అడుగున ఉన్న వెబ్ చిరునామాను నేను ఫోనులో ఫొటో తీసుకోవడం వల్ల గాని లేకపోతే ఆ విషయం అక్కడితో ముగిసిపోయేది. ఇంత శ్రమపడి కట్టిన వ్యవస్థను రోగికి ఇంత నిర్లక్ష్యంగా పరిచయం చేయడం నాకు నచ్చలేదు.

దీని వెనక చట్టం సంగతి కొంత తెలుసుకోవాలి. 2010లో వచ్చిన ఆరోగ్య సంస్కరణల చట్టంలోని 6002వ సెక్షన్ దీనికి ఆధారం. రిపబ్లికన్ సెనేటర్ చక్ గ్రాస్లీ, డెమొక్రాట్ సెనేటర్ హెర్బ్ కోల్ కొన్నేళ్లపాటు పట్టుబట్టి తెచ్చిన ఈ భాగాన్ని ‘సన్‌షైన్ చట్టం’ అంటారు. 2013 ఆగస్టు నుంచి చేసిన చెల్లింపులను కంపెనీలు నమోదు చేయడం మొదలుపెట్టాయి. తొలి వివరాలు 2014 సెప్టెంబరు 30న ప్రజల ముందుకు వచ్చాయి. మొదట్లో వైద్యులు, బోధనాసుపత్రుల వివరాలే ఉండేవి. 2021లో చేసిన చెల్లింపుల నుంచి ఫిజీషియన్ అసిస్టెంట్లు, నర్స్ ప్రాక్టీషనర్లు వంటివారిని కూడా చేర్చారు. చెప్పకుండా దాచిన ఒక్కో చెల్లింపుకు కంపెనీ మీద జరిమానా ఉంటుంది, తెలిసీ దాస్తే ఆ జరిమానా పదింతలు అవుతుంది. అయితే ఈ చట్టం వైద్యుడు బహుమతి తీసుకోవడాన్ని ఎక్కడా నిషేధించలేదు. తీసుకోవచ్చు, తీసుకున్నట్టు నలుగురికీ తెలియాలి, అంతవరకే. వెర్మాంట్ రాష్ట్రం 2009లోనే భోజనాలతో సహా చాలా బహుమతులను నిషేధించింది గాని, దేశమంతటికీ వర్తించే నిషేధం మాత్రం లేదు.

ఇక వాడకం విషయానికి వస్తే, వెతుకులాట సులభంగానే ఉంది. వైద్యుడి పేరు, ఊరు, రాష్ట్రం, వైద్య విభాగం ఇస్తే చాలు. మన పేర్లతో మాత్రం కొంచెం ఓపిక కావాలి. రెడ్డి, రావు, చౌదరి, శర్మ అని ఇంటిపేరు స్థానంలో కొడితే పేజీల కొద్దీ వైద్యులు వస్తారు. పైగా మనవాళ్లలో కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, మరికొందరికి వెనక ఉండడం వల్ల, బోర్డు మీద కనిపించే పేరు జాబితాలో తిరగబడి ఉండవచ్చు. ఊరూ విభాగమూ సరిపోల్చుకోకుండా ఎవరో ఒకరి లెక్కను మన డాక్టరుగారికి అంటగట్టడం చాలా అన్యాయం. అనుమానం ఉంటే, ప్రతి వైద్యుడికీ ప్రభుత్వం ఇచ్చే ఎన్‌పీఐ అనే పది అంకెల గుర్తింపు సంఖ్య వేరే ప్రభుత్వ జాబితాలో దొరుకుతుంది. పేరు కంటే దాన్ని నమ్ముకోవడం మేలు.

వైద్యుడి పేజీ తెరిస్తే చెల్లింపులు మూడు రకాలుగా కనిపిస్తాయి: సాధారణ చెల్లింపులు, పరిశోధనకు ఇచ్చినవి, కంపెనీలో వాటాలు. ఏడాదివారీగా మొత్తం, అదే విభాగంలోని ఇతర వైద్యుల సగటుతో పోలిక కూడా ఉంటాయి. సాధారణ చెల్లింపుల్లోకి వెళితే భోజనం, ప్రయాణం–బస, సలహా రుసుము, ఉపన్యాస పారితోషికం, రాయల్టీ, విద్యా సామగ్రి, బహుమతి అని విభాగాలు ఉంటాయి. ఇంకా లోపలికి వెళితే ఒక్కో వరసలో తేదీ, మొత్తం, కంపెనీ పేరు, ఏ మందు లేదా ఏ పరికరం తరఫున ఖర్చు పెట్టారన్న వివరం ఉంటాయి. చిన్న మొత్తాలకు ఒక హద్దు పెట్టారు. మొదట్లో 10 డాలర్ల లోపు చెల్లింపును, ఏడాది మొత్తం 100 డాలర్లు దాటితే తప్ప, చూపనక్కర లేదు; ధరలతో పాటు ఆ హద్దూ ఏటా కొంచెం పెరుగుతూ వస్తోంది. ఇలా నమోదైన మొత్తం, పరిశోధన ఖర్చులతో కలిపి, ఇటీవల ఏటా 1,200 కోట్ల డాలర్లు దాటుతోంది. అందులో పెద్ద భాగం పరిశోధనదే.

మొదటిసారి చూసేవారి కన్ను సహజంగానే పెద్ద అంకెల మీదికి పోతుంది. ఈ వ్యాపారంలో ఉన్నవారు చూసేది మాత్రం భోజనాల వరసలను. ఉదాహరణకు ఒక వరసలో ‘భోజనం, పానీయం’ అని, పదిహేను పదహారు డాలర్లు అని, ఒక కొత్త మధుమేహ మందు పేరు, కంపెనీ పేరు ఉంటాయనుకుందాం. అది డాక్టరుగారిని హోటలుకు తీసుకెళ్లి పెట్టిన విందు కాకపోవచ్చు. రెప్ మధ్యాహ్నం పూట క్లినిక్ మొత్తానికీ శాండ్‌విచ్‌లో, సలాడ్‌లో తెప్పిస్తాడు. రిసెప్షనిస్టు, నర్సులు, బిల్లింగ్ చూసేవారు, డాక్టర్లు అందరూ వెనకగదిలో కూర్చుని తింటారు. ఆ పది నిమిషాల్లో రెప్ మందు గురించి చెబుతాడు. బిల్లును తిన్నవారందరి మీదా పంచి, ఈ చట్టం కిందకు వచ్చేవారి వాటాను మాత్రం వారి పేరు మీద నమోదు చేస్తారు. రిసెప్షనిస్టు తిన్నది ఎక్కడా కనిపించదు. కాని డాక్టరుగారి గదిలోకి ఎవరిని ముందు పంపాలో నిర్ణయించేది ఆమేనని మా వృత్తిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. గుంటూరులో మేము కాంపౌండరు గారిని పేరు పెట్టి పలకరించి, ఆయన పిల్లల చదువులు అడిగి తెలుసుకునేది ఊరికే కాదు.

పదిహేను డాలర్ల తిండికి అంత చదువుకున్న మనిషి మందు మారుస్తాడా అని మా అల్లుడు నన్ను ఎదురు ప్రశ్న వేశాడు. వైద్యులు కూడా ఇదే మాట అంటారు, నిజాయితీగానే అంటారు. దీనికి జవాబు చెప్పడానికి ఈ ఓపెన్ పేమెంట్స్ వివరాలే పనికొచ్చాయి. 2016లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, 2013లో నమోదైన చెల్లింపులను, ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ కింద ఉన్న రోగులకు వైద్యులు రాసిన మందుల వివరాలతో జోడించి, దాదాపు 2 లక్షల 80 వేల మంది వైద్యులను పరిశీలించింది. కొలెస్టరాల్‌కు వాడే రొసువాస్టాటిన్, రక్తపోటుకు వాడే నెబివొలాల్, ఓల్మెసార్టన్, మానసిక కుంగుబాటుకు వాడే డెస్‌వెన్లాఫాక్సిన్ అనే నాలుగు బ్రాండు మందులను తీసుకుంది. వాటి తరఫున జరిగిన చెల్లింపుల్లో నూటికి 95 భోజనాలే, వాటి సగటు విలువ 20 డాలర్ల లోపే. ఆ మందు పేరుమీద ఒక్క భోజనం చేసిన వైద్యుల్లో కూడా అదే తరగతిలోని ఇతర మందుల కంటే ఆ బ్రాండును రాయడం ఎక్కువగా కనిపించింది. భోజనాలు పెరిగిన కొద్దీ ఆ తేడా కూడా పెరిగింది. భోజనమే కారణమని ఇది రుజువు చేయలేదు, ఆ మందు మీద ముందే ఆసక్తి ఉన్న వైద్యులే ఆ భోజనానికి వచ్చి ఉండవచ్చు, అధ్యయనకర్తలు కూడా దీన్ని సంబంధంగానే చెప్పారు. అయినా ఉప్పు తిన్న విశ్వాసమంటే ఏమిటో మనకు ఎవరూ వేరే చెప్పనక్కర లేదు. లంచం తీసుకున్నానన్న భావన కలగనంత చిన్నదిగా ఉండడమే ఆ పదిహేను డాలర్ల భోజనానికి ఉన్న బలమని నా అభిప్రాయం.

మేము గుంటూరులో పనిచేసిన పద్ధతి గుర్తు చేసుకుంటే, ఈ సేవలో ఉన్న అసలు లోటు ఏమిటో తేలికగా అర్థమవుతుంది. కొత్తపేటలో, అరండల్‌పేటలో ఆసుపత్రి పక్కన ఆసుపత్రి, వాటిని ఆనుకుని మెడికల్ షాపులు ఉంటాయి. డాక్టరుగారిని కలిసి విజువల్ ఎయిడ్ అనే మందుల బొమ్మల పుస్తకం తిప్పి, శాంపిళ్లు బల్ల మీద పెట్టి, కంపెనీ పేరున్న పెన్‌స్టాండో, కొత్త సంవత్సరం డైరీయో, గోడ గడియారమో ఇచ్చి వచ్చేయడంతో మా పని సగమే అయ్యేది. మిగతా సగం ఆ షాపులో ఉండేది. ఓపీ పలచబడిన సమయం చూసుకుని కౌంటరులో ఉన్న కుర్రవాడి దగ్గరకు వెళ్లి, ఫలానా డాక్టరుగారు మన బ్రాండు రోజుకు ఎన్ని చీటీలు రాస్తున్నారు, ఎదుటి కంపెనీవి ఎన్ని రాస్తున్నారు అని కనుక్కుని చిన్న పుస్తకంలో రాసుకునేవాళ్లం. దీన్ని ఆర్‌సీపీఏ అంటారు. సాయంత్రం రిపోర్టులో అది లేకపోతే ఏరియా మేనేజర్ ఊరుకునేవాడు కాదు. నెలాఖరు సమావేశంలో ఒక పక్క ఆ డాక్టరు మీద పెట్టిన ఖర్చు, రెండో పక్క ఆ డాక్టరు నుంచి వచ్చిన వ్యాపారం పెట్టి చూసేవారు. చీటీలు పెరగని చోట మరుసటి ఏడాది గడియారం కూడా వెళ్లేది కాదు. బాగా రాసేవారి విషయం రెప్ స్థాయి దాటి మేనేజర్ల స్థాయికి వెళ్లేది, అక్కడ ఏమి మాట్లాడుకునేవారో మాకు చెప్పేవారు కాదు.

కంపెనీ దగ్గర రెండు లెక్కలూ ఉంటాయని చెప్పడానికే ఇదంతా రాశాను. ఓపెన్ పేమెంట్స్ రోగికి చూపేది అందులో మొదటిదాన్ని మాత్రమే. అమెరికాలో రెండో లెక్క కోసం కౌంటరు కుర్రవాణ్ని బతిమాలనక్కర లేదు. ఫార్మసీల నుంచి మందుల చీటీల సమాచారాన్ని రోగి పేరు తీసేసి, వైద్యుడి పేరు ఉంచి, సేకరించి కంపెనీలకు అమ్మే సంస్థలు చాలాకాలంగా ఉన్నాయి. వెర్మాంట్ రాష్ట్రం, వైద్యుడి అనుమతి లేకుండా ఆ సమాచారాన్ని మందుల ప్రచారానికి వాడకూడదని చట్టం చేస్తే, అమెరికా సుప్రీంకోర్టు 2011లో సోరెల్ వర్సెస్ ఐఎంఎస్ హెల్త్ కేసులో, అది భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 6–3 మెజారిటీతో ఆ చట్టాన్ని కొట్టేసింది. వద్దనుకున్న వైద్యులు తమ వివరాలు రెప్‌లకు చేరకుండా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ద్వారా ఆపుకునే ఏర్పాటు ఒకటి ఉంది. మొత్తానికి, డాక్టరుగారు భోజనానికి ముందు ఆ మందు ఎంత రాశారో, భోజనం తరవాత ఎంత రాశారో ఆ రెప్‌కు తెలిసే అవకాశం ఉంది, ఆ మందు మింగే రోగికి మాత్రం తెలియదు.

పట్టుదల ఉన్నవారికి ఒక మార్గం లేకపోలేదు. మెడికేర్‌లో మందుల బీమా భాగమైన పార్ట్ డి కింద ఏ వైద్యుడు ఏ మందును ఎన్నిసార్లు రాశారో సీఎంఎస్ సంస్థే వేరే చోట బహిరంగంగా ఉంచుతోంది. ఎన్‌పీఐ సంఖ్యతో ఆ జాబితాలో వెతికి, ఓపెన్ పేమెంట్స్‌లో కనిపించిన మందు పేరుతో పోల్చుకోవచ్చు. నేను ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ పని చేశాను. అది అనుకున్నంత కష్టం కాదు గాని, అనుకున్నంత ఫలితమూ ఇవ్వదు: అందులో మెడికేర్ బీమా ఉన్నవారికి, అంటే ముఖ్యంగా వృద్ధులకు, రాసినవే ఉంటాయి, పదకొండు కంటే తక్కువసార్లు రాసిన మందులను రోగుల గోప్యత కోసం చూపరు, రెండు జాబితాల్లోనూ ఒకే ఏడాదివి ఉన్నాయో లేదో చూసుకోవాలి. మామూలు రోగి ఇంత శ్రమపడతాడని ఎవరూ అనుకోరు.

పెద్ద మొత్తాల విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఎముకల శస్త్రచికిత్స నిపుణుడి పేరు ఎదుట లక్షల డాలర్ల రాయల్టీ కనిపిస్తే, ఆయన కృత్రిమ కీలు రూపకల్పనలో పాలుపంచుకుని ఉండవచ్చు; ఆ కీలు ఆయన తన రోగికే వేస్తుంటే మాత్రం అడగవలసిన ప్రశ్న ఉంటుంది. పరిశోధన పద్దు కింద కనిపించే సొమ్ములో చాలా భాగం క్లినికల్ ట్రయల్ నడిపే సంస్థకు పోతుంది గాని, ప్రధాన పరిశోధకుడిగా పేరున్న వైద్యుడి జేబులోకి కాదు. అసలు ఏ కంపెనీతోనూ సంబంధం లేని వైద్యుడే మంచి వైద్యుడని అనుకోవడం కూడా సరికాదు. ఈ తేడాలను సైటు వివరించకపోలేదు, కాని ఆ వివరణలు వేరే పేజీల్లో, ప్రభుత్వ నిబంధనల భాషలో ఉన్నాయి. అంకె పక్కనే రెండు ముక్కలు రాస్తే చదివేవారికి మేలు జరిగేది.

ఉపన్యాస పారితోషికాల సంగతి వేరు. నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం కలిగించేది ఆ విభాగమే. ఒక వైద్యుడు తోటి వైద్యులకు మందు గురించి మాట్లాడినందుకు కంపెనీ డబ్బు ఇస్తుంది. పాఠం చెప్పే స్లయిడ్లు చాలాసార్లు కంపెనీయే తయారుచేసి ఇస్తుంది. వినేవారికి మంచి రెస్టారెంటులో భోజనం ఉంటుంది. వినడానికి వచ్చినవారి కంటే చెప్పినవాడి చేత ఎక్కువ రాయించడమే ఇందులో లెక్క అని రెప్‌లందరికీ తెలుసు. ఇన్‌సిస్ థెరప్యూటిక్స్ అనే కంపెనీ ఫెంటనిల్ అనే శక్తిమంతమైన నొప్పి మందుతో చేసిన తన స్ప్రేను రాసినందుకు ప్రతిఫలంగా వైద్యులకు ఇలాంటి ఉత్తుత్తి ఉపన్యాసాల పేరుతో సొమ్ము ఇచ్చిందని తేలి, దాని వ్యవస్థాపకుడు జాన్ కపూర్‌కు 2020 జనవరిలో అయిదున్నరేళ్ల జైలు శిక్ష పడింది. అదే ఏడాది జూలైలో నొవార్టిస్ కంపెనీ, ఉపన్యాసాల పేరుతో వైద్యులకు లంచాలిచ్చిందన్న ఆరోపణలు ప్రధానంగా ఉన్న కేసుల్లో 67.8 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. ఆ నవంబరులో అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇలాంటి ఉపన్యాసాల మీద ప్రత్యేక హెచ్చరిక జారీ చేస్తూ, మూడేళ్లలో వీటి కోసం కంపెనీలు దాదాపు 200 కోట్ల డాలర్లు చెల్లించినట్టు చెప్పింది. ఆ లెక్క తీసింది ఈ ఓపెన్ పేమెంట్స్ నుంచే. కాబట్టి ఇది రోగికి ఉపయోగపడినా పడకపోయినా, దర్యాప్తు చేసేవారికీ పరిశోధకులకూ పత్రికలవారికీ మాత్రం గట్టి ఆయుధమైంది. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఇవే వివరాలతో కొన్నేళ్లపాటు మరింత సులభమైన వెతుకులాట పేజీని నడిపింది, 2019 తరవాత దాన్ని తాజాపరచలేదు.

జాబితాలో కనిపించనివి కూడా తెలిసి ఉండాలి. రోగులకు పంచడానికి ఇచ్చే మందుల శాంపిళ్లు ఇందులో రావు. మా రోజుల్లో అన్నిటికంటే శక్తిమంతమైన పనిముట్టు శాంపిలేనని నేను చెప్పగలను, ఉచితంగా మొదలుపెట్టిన మందును ఎవరూ మధ్యలో మార్చరు. శిక్షణలో ఉన్న రెసిడెంట్ డాక్టర్ల పేర్లు ఉండవు. పెద్ద సదస్సుల్లో అందరికీ పెట్టే బఫే ఎవరు తిన్నారో తేల్చలేరు కనుక లెక్కలోకి రాదు. ఫార్మసిస్టులకు ఇచ్చేవి ఈ చట్టం పరిధిలో లేవు. పైగా ఆలస్యం ఒకటి: ఒక ఏడాది చెల్లింపులను కంపెనీలు మరుసటి ఏడాది మార్చి నెలాఖరులోగా సమర్పిస్తే, వైద్యులు చూసుకుని అభ్యంతరాలు చెప్పుకోవడానికి నలభై అయిదు రోజుల గడువు పోను, జూన్ 30 నాటికి బయటపెడతారు. జనవరిలో చేసిన భోజనం కనిపించడానికి దాదాపు ఏడాదిన్నర పడుతుందన్నమాట. కొత్త మందును కంపెనీ జోరుగా తోసే కాలం ఆ ఏడాదిన్నరే.

ఇదంతా చదివి, మన దగ్గర ఇలాంటిది ఉందా అని అడిగేవారికి ఒక్కమాటలో లేదనే చెప్పాలి. మన దేశంలో పరిస్థితి తలకిందులుగా ఉంది. అమెరికా బహుమతిని నిషేధించకుండా బయటపెట్టమంది. మన మెడికల్ కౌన్సిల్ 2009 డిసెంబరులోనే, కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణాలు, ఆతిథ్యం, నగదు వైద్యులు తీసుకోకూడదని నిబంధన పెట్టింది, 2016లో విలువను బట్టి హెచ్చరిక మొదలుకుని ఏడాదికి పైగా రిజిస్టరు నుంచి పేరు తొలగించేదాకా శిక్షలు కూడా నిర్ణయించింది, కాని ఎవరు తీసుకున్నారో రోగి చూసుకునే ఏర్పాటు మాత్రం చేయలేదు. 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లాబొరేటరీస్ కేసులో మన సుప్రీంకోర్టు, వైద్యులకు ఇచ్చే కానుకల ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకోవడం కుదరదని తేల్చింది. బంగారు నాణేలు, ఫ్రిజ్‌లు, ఎల్‌సీడీ టీవీలు, విదేశీ యాత్రలు అంటూ కానుకల తీరును ఆ తీర్పులోనే ప్రస్తావించి, ఈ ఉచితాలు నిజానికి ఉచితం కావనీ, వాటి ఖర్చు మందు ధరలో కలిసి రోగి మీదే పడుతుందనీ న్యాయమూర్తులు అన్నారు. 2024 మార్చిలో మందుల కంపెనీల ప్రచార పద్ధతుల మీద కేంద్రం తెచ్చిన యూసీపీఎంపీ నియమావళి బహుమతులను నిషేధించి, శాంపిళ్లకు కూడా హద్దు పెట్టింది: ఒక వైద్యుడికి ఒక మందుకు ఏడాదికి పన్నెండు ప్యాకెట్లు మించరాదు, మొత్తం శాంపిళ్ల విలువ కంపెనీ దేశీయ అమ్మకాల్లో 2 శాతం దాటరాదు. ఆ లెక్కలు కంపెనీలు రాసి పెట్టుకోవాలి, అడిగినప్పుడు ప్రభుత్వానికి చూపాలి. గుంటూరులో నాకు రక్తపోటు మందు రాసే డాక్టరుగారి పేరు కొట్టి చూసుకోవడానికి మాత్రం నాకు పేజీ లేదు.

మళ్లీ మా ఆవిడ విషయానికి వస్తే, డాక్టరుగారు రెండు మందులు కలిసిన ఒక బ్రాండు మాత్ర రాశారు. ఇంటికి వచ్చి చూస్తే ఆయన పేజీలో పెద్ద మొత్తాలేవీ లేవు, అదే కంపెనీ పేరు మీద భోజనాల వరసలు కొన్ని ఉన్నాయి. రెండోసారి వెళ్లినప్పుడు ఆ భోజనాల ఊసెత్తకుండా, ఇదే పని చేసే జెనెరిక్ ఏదైనా ఉందా అని మా అమ్మాయి చేత అడిగించాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, రెండు మందులూ జెనెరిక్‌గా విడివిడిగా దొరుకుతాయనీ, రోజుకు ఒకటికి బదులు రెండు మాత్రలు వేసుకోవాలనీ, మాత్రల సంఖ్య పెరిగితే వేసుకోవడం మరచిపోయే వృద్ధులు ఎక్కువ కనుక ఒకే మాత్ర రాశాననీ చెప్పారు. ఆ కారణం నిజమైనదే, వైద్యశాస్త్రం ఒప్పుకునేదే. మా ఆవిడ మాత్రం రెండు మాత్రలకే మొగ్గు చూపింది, ఖర్చు బాగా తగ్గింది. ఆయన మొదట ఆ బ్రాండు రాయడానికి వృద్ధుల మరపు కారణమా, వెనకగదిలోని శాండ్‌విచ్ కారణమా అనేది బహుశా ఆయనే చెప్పలేరు. ఆ పేజీ చూడకపోయి ఉంటే మేము అడిగేవాళ్లం కాము, అదొక్కటే నేను ఖాయంగా చెప్పగలిగింది.

ఈ సేవకు నేను అయిదుకు మూడున్నర మార్కులు ఇస్తాను. వివరాల లోతుకు, ఉచితంగా అందరికీ తెరిచి ఉంచినందుకు నిండు మార్కులు. శాంపిళ్లను వదిలేసినందుకు, ఆలస్యానికి, అంకెల పక్కన వివరణ లేనందుకు ఒక మార్కు కోత. చెల్లింపును చూపి, దాని పక్కన మందుల రాతను చూపనందుకు మిగతా అర. దీర్ఘకాలం వాడవలసిన కొత్త మందు రాసినప్పుడో, శరీరంలో పరికరం అమర్చాలని చెప్పినప్పుడో తప్పకుండా ఒకసారి చూడండి. జలుబుకూ జ్వరానికీ అవసరం లేదు. ఒకే ఏడాదిని కాకుండా కనీసం రెండు మూడేళ్ల వరసలు చూడండి, ఒకే కంపెనీ మళ్లీ మళ్లీ కనిపిస్తోందా అన్నదే గమనించండి. ఇక చెల్లింపుల జాబితా, పార్ట్ డి మందుల జాబితా రెండూ సీఎంఎస్ చేతిలోనే ఉన్నాయి, రెండింటిలోనూ ఎన్‌పీఐ సంఖ్య ఉంది. వాటిని వైద్యుడి పేజీలో పక్కపక్కన పెట్టి చూపడానికి కొత్తగా సేకరించవలసిన సమాచారం ఏదీ నాకు కనిపించడం లేదు. అది జరిగిన రోజున కోసిన ఆ అర మార్కు వెనక్కి ఇచ్చేస్తాను.